ఇంటి స్మార్ట్ స్కేలా, క్యాలరీమెట్రీ పరీక్షా? బ్రెయిన్ ట్యూమర్ ఆపరేషన్ తర్వాత లావెక్కే పిల్లలకు ఏది పనికొస్తుంది

మెదడులో కణితి తీసేసిన కొన్ని నెలలకే పిల్లలు లావెక్కడం మొదలుపెడితే చాలా ఇళ్లలోకి ముందు వచ్చే వస్తువు స్మార్ట్ స్కేల్. కాళ్లు పెట్టగానే బరువు, కొవ్వు శాతం, కండ శాతం, నీటి శాతం, బీఎంఆర్ (ఏ పనీ చేయకుండా పడుకున్నా ఒళ్లు రోజుకి ఖర్చు చేసే క్యాలరీలు) అంటూ ఫోన్‌లో వరసగా అంకెలు పడతాయి. ఆ బీఎంఆర్ అంకె పట్టుకుని, పిల్లకి రోజుకి ఇన్ని క్యాలరీలు పెట్టొచ్చని ఇంట్లోవాళ్లు లెక్క వేసుకుంటారు. అంతకంటే తక్కువే పెట్టినా బరువు ఆగదు. అప్పుడు పిల్ల దొంగచాటుగా తింటోందన్న అనుమానం, దాని వెనకే తిట్లు, ఏడుపులు.

నిజానికి తప్పు చాలాసార్లు ఆ అంకెలోనే ఉంటుంది. స్కేల్ చూపించే బీఎంఆర్‌ని ఎవరూ కొలవలేదు. వయసు, ఎత్తు, బరువు, ఆడా మగా అన్న వివరాలను సూత్రంలో వేసి తీసిన లెక్క అది. ఆ సూత్రాలు హైపోథాలమస్ (ఆకలి, దాహం, హార్మోన్లను చూసుకునే మెదడు భాగం) బాగున్న మనుషులను చూసి కట్టినవి. హైపోథాలమస్ దెబ్బతిన్న పిల్లల శరీరం ఖర్చు చేసేది చాలామందిలో అంతకంటే తక్కువ. ఖర్చు నిజంగా ఎంతో కొలిచి చెప్పేది ఇన్‌డైరెక్ట్ క్యాలరీమెట్రీ, అంటే ఊపిరిలోని వాయువులను కొలిచి చేసే పరీక్ష. అందుకే ఈ రివ్యూలో రెండింటినీ పక్కపక్కన పెడుతున్నాం. మా తీర్పు ముందే చెప్పేస్తాం: స్కేల్‌ని బరువు వరకే నమ్మండి, తిండి లెక్కకు పరీక్ష చేయించండి. కానీ పరీక్ష సరిగ్గా జరిగితేనే ఆ మాట. సరిగ్గా జరగని పరీక్ష స్కేల్ కంటే ఎక్కువ నష్టం చేస్తుంది, ఎందుకంటే దాని మీద ఆస్పత్రి ముద్ర ఉంటుంది కాబట్టి ఎవరూ ప్రశ్నించరు.

ఈ పిల్లల్లో ఏం జరుగుతుందో తెలియకుండా ఏ పరికరం గురించి మాట్లాడినా ఉపయోగం లేదు. పిల్లల్లో ఈ రకం ఊబకాయానికి ఎక్కువగా కారణమయ్యేది క్రేనియోఫారింజియోమా. మిగతా హార్మోన్ గ్రంథులను నడిపించే పిట్యూటరీ గ్రంథి పైన, హైపోథాలమస్‌ని ఆనుకుని పెరిగే కణితి అది. క్యాన్సర్ కాదు, కానీ పెరిగే చోటు చెడ్డది. చిన్నతనంలో ఈ కణితి వచ్చినవాళ్లలో దాదాపు సగం మందికి ఊబకాయం వస్తుంది. బరువు అన్నిటికంటే వేగంగా పెరిగేది ఆపరేషన్ తర్వాత మొదటి ఆరు నెలల నుంచి ఏడాది లోపు. ఒంట్లో కొవ్వు చాలినంత ఉందని లెప్టిన్ (కొవ్వు కణాల నుంచి వచ్చే హార్మోన్) పంపే కబురు అందుకునేది హైపోథాలమస్‌లోని కణాలే. అవి పోతే ఒంట్లో ఎంత కొవ్వు ఉన్నా మెదడు మాత్రం పస్తు ఉన్నట్టే అనుకుంటుంది. మెదడు నుంచి కడుపులోని అవయవాలకు వెళ్లే వేగస్ నరం జోరు పెరిగి క్లోమం ఇన్సులిన్‌ని ఎక్కువగా వదులుతుంది, ఆ ఇన్సులిన్ తిన్నదాన్ని కొవ్వుగా మార్చి దాచేస్తుంది. మరోవైపు ఒంటిని చురుగ్గా ఉంచే సింపథెటిక్ నరాల జోరు తగ్గి, కూర్చున్నా పడుకున్నా అయ్యే ఖర్చు పడిపోతుంది. పగటి నిద్రమత్తు, చూపు తగ్గడం, కదలిక తగ్గడం దీనికి తోడు. కాబట్టి వీళ్ల సమస్య ఆకలి ఒక్కటే కాదు. ఆకలి పెద్దగా లేని పిల్లలు కూడా లావవుతారు. వాళ్లను చూసి ‘తినకుండా ఎలా లావవుతారు’ అనేవాళ్లకు సమాధానం ఈ తగ్గిన ఖర్చులోనే ఉంది.

ఇక స్కేల్ సంగతి. పాదాల కింది లోహపు పలకల నుంచి మనకు తెలియనంత చిన్న కరెంటు ఒక కాలిలోంచి ఎక్కి ఇంకో కాలిలోంచి దిగుతుంది. దారిలో ఎంత అడ్డు తగిలిందో చూసి ఒంట్లో నీళ్లెన్నో అంచనా వేస్తుంది. కొవ్వు కాని భాగంలో సుమారు 73 శాతం నీరే అన్న పెద్దవాళ్ల లెక్కతో భాగించి, మిగిలిందంతా కొవ్వు అంటుంది. పిల్లల్లో ఆ నీటి శాతం అసలే కాస్త ఎక్కువ. పైగా ఈ ఆపరేషన్ అయిన పిల్లల్లో చాలామందికి యాంటీ డైయురెటిక్ హార్మోన్ లోపం ఉంటుంది, అంటే ఒంట్లో నీరు నిలవక మూత్రం అతిగా పోయే డయాబెటిస్ ఇన్సిపిడస్ (చక్కెర వ్యాధి కాదు). దీన్నే ఇప్పుడు ఆర్జినిన్ వాసోప్రెసిన్ లోపం అంటున్నారు. ఆ హార్మోన్ బదులు ఇచ్చే డెస్మోప్రెసిన్ మందు ప్రభావం తెల్లవారుజామున అయిపోయి లీటరున్నర మూత్రం పోయిందనుకోండి, పొద్దున స్కేల్ మీద బరువు కిలోన్నర తగ్గుతుంది, కొవ్వు శాతం మాత్రం పెరిగినట్టు కనపడుతుంది. నీళ్లు తగ్గితే కరెంటుకు అడ్డు పెరుగుతుంది, యంత్రం దాన్ని కొవ్వుగా చదువుతుంది. మందు ఎక్కువై నీరు నిలిచిపోతే సరిగ్గా దీనికి తిరగబడి, కొవ్వు తగ్గిందని శుభవార్త చెబుతుంది. ఆ శుభవార్త ప్రమాదకరం, ఎందుకంటే అప్పుడు రక్తంలో సోడియం పడిపోతూ ఉండొచ్చు.

అలాగని స్కేల్ పనికిరానిదని కాదు. దాహం తెలియని పిల్లలకు అది లేకుండా కుదరదు. హైపోథాలమస్‌లో దాహం చూసే భాగం కూడా పోయిన పిల్లలకు రోజుకి ఇన్ని నీళ్లు అని డాక్టర్లు కట్టి ఇస్తారు, రోజూ బరువు చూడమంటారు. రాత్రికి రాత్రి ఒక కిలో తేడా వస్తే అది కొవ్వు కాదు, సుమారు లీటరు నీరు. ఆ పనికి కావలసింది 50 లేదా 100 గ్రాముల తేడా పట్టే మంచి స్కేల్, గట్టి నేల, రోజూ ఒకే సమయం, మూత్రం పోశాక, తేలిక బట్టలు. మేజోళ్లతో నిలబెడితే కరెంటు పాకదు, బరువు ఒక్కటే వస్తుంది. ఈ పిల్లలకు అదే మేలు. పేస్‌మేకర్ లాంటి ఎలక్ట్రానిక్ పరికరం ఒంట్లో ఉన్నవాళ్లను కరెంటు పంపే స్కేల్ ఎక్కనివ్వకూడదు.

స్కేల్ అంకెలను ఎలా రాసుకోవాలో కూడా ఒక మాట. గ్రోత్ హార్మోన్ లోపం ఉన్న పిల్ల ఎత్తు ఆగిపోతుంది, బరువు పెరుగుతుంది. బరువు ఒక్కటే చూస్తే సగం కథే తెలుస్తుంది. మూడు నెలలకొకసారి ఎత్తు కొలిచి పక్కన రాయాలి. నడుము కొలత ఎత్తులో సగం దాటిందా అన్నది టేపు ఒక్కటితో తేలిపోయే విషయం, స్కేల్ చెప్పే కొవ్వు శాతం కంటే ఎన్నో రెట్లు నమ్మదగింది.

ఇప్పుడు అసలు పరీక్ష. శరీరం ఇంధనం కాల్చినప్పుడు ఆక్సిజన్ వాడుకుంటుంది, కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. ఆ రెండూ నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్లో కొలిస్తే ఎన్ని క్యాలరీలు కాలాయో లెక్క వస్తుంది. దాన్ని వీర్ సూత్రం అంటారు: ఆక్సిజన్‌ని 3.941తో, కార్బన్ డయాక్సైడ్‌ని 1.106తో గుణించి కలిపి, మొత్తాన్ని 1.44తో గుణిస్తే రోజుకు కిలో క్యాలరీలు. పిల్ల మంచం మీద పడుకుంటుంది, తల మీద పారదర్శకమైన గుమ్మటం లాంటి మూత పెడతారు, మెడ చుట్టూ పల్చటి ప్లాస్టిక్ గుడ్డ సర్దుతారు. నొప్పి లేదు, సూది లేదు. మూత కింద ఊపిరాడదేమోనన్న భయం మాత్రం పిల్లలకు మామూలే. ముందు రోజే ఆ మూత చూపించి ఐదు నిమిషాలు పెట్టి తీసే చోట ఫలితాలు బాగుంటాయి. చూపు తగ్గిన పిల్లలైతే చేత్తో తాకనిచ్చి, ఏ వైపు నుంచి ఏమి వస్తుందో మాటల్లో చెప్పాలి.

సిద్ధం కావడంలోనే ఎక్కువ తప్పులు జరుగుతాయి. మామూలుగా ఇచ్చే కాగితంలో ‘రాత్రి నుంచి ఏమీ తీసుకోవద్దు’ అని ఉంటుంది. ఈ పిల్లలకు ఆ వాక్యాన్ని అలాగే అమలు చేయకూడదు. డయాబెటిస్ ఇన్సిపిడస్ ఉన్న పిల్లకి నీళ్లు ఆపకూడదు. మంచినీళ్లలో క్యాలరీలు లేవు, పరీక్షను పాడు చేయవు. ఏసీటీహెచ్ (కార్టిసాల్‌ని తయారు చేయించే పిట్యూటరీ హార్మోన్) లోపం ఉన్న పిల్లకి పొద్దుటి హైడ్రోకార్టిసోన్ (కార్టిసాల్ బదులు వేసే మందు) ఆపడం ఇంకా ప్రమాదం. నీళ్లతో మాత్ర వేసి, పరీక్షను తొలి గంటల్లోనే పెట్టించాలి. కార్టిసాల్, గ్రోత్ హార్మోన్ రెండూ లేని చిన్న పిల్లలకు ఎక్కువసేపు పస్తుంటే రక్తంలో చక్కెర పడిపోతుంది. వాళ్లకు రాత్రంతా పస్తు బదులు, డాక్టరు ఒప్పుకున్నంత తక్కువ వ్యవధి, అంటే ఐదు గంటల పస్తు సరిపోతుందేమో అడగాలి. చేతిలో గ్లూకోజ్, గ్లూకోమీటర్ ఉండాలి. ఈ మాటలు ముందే చెప్పకపోయినా, అడిగితే సరిగ్గా జవాబు చెప్పే కేంద్రం మంచిదే. ‘అందరికీ ఒకటే పద్ధతి’ అనే చోటికి ఈ పిల్లల్ని తీసుకెళ్లొద్దు.

జ్వరం ఉంటే వాయిదా వేయాలి. ఒక డిగ్రీ సెల్సియస్ పెరిగితే ఖర్చు 10 శాతం పైనే పెరుగుతుంది, ఆ రోజు అంకె అబద్ధం. పైగా జ్వరంలో హైడ్రోకార్టిసోన్ మోతాదు పెంచి ఇవ్వాల్సిన రోజు అది, పరీక్షల రోజు కాదు. థైరాయిడ్ మందు మార్చాక ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగాలి. ఈ పిల్లల్లో పిట్యూటరీయే పని చేయదు కాబట్టి టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ని నడిపే పిట్యూటరీ హార్మోన్) చూసి అంతా బాగుందనుకోవడం పెద్ద పొరపాటు, ఫ్రీ టీ4 (రక్తంలోని థైరాయిడ్ హార్మోన్) చూడాలి. అది తక్కువగా ఉన్నప్పుడు క్యాలరీమెట్రీ చేయిస్తే తక్కువ ఖర్చు కనపడుతుంది, కానీ దానికి కారణం థైరాయిడ్. గ్రోత్ హార్మోన్ మొదలుపెట్టినా ఖర్చు పెరుగుతుంది. మిథైల్‌ఫెనిడేట్ లాంటి ఉత్తేజక మందులు వాడే పిల్లలైతే ఆ రోజు వేసుకున్నారా లేదా రిపోర్టు మీద రాయించాలి, మళ్లీ చేసినప్పుడు అదే పద్ధతి పాటించాలి.

పరీక్ష గదిలో గమనించాల్సిన ముఖ్య విషయం నిద్ర. పరీక్షకు ముందు కదలకుండా 20 నుంచి 30 నిమిషాలు విశ్రాంతి ఉండాలి. ఈ పిల్లలకు ఆ విశ్రాంతిలోనే కునుకు పట్టేస్తుంది. నిద్రలో ఖర్చు మెలకువలో ఉన్న విశ్రాంతి కంటే తక్కువ. మూత కింద పిల్ల నిద్రపోయిందని ఎవరూ చూడకపోతే, హైపోథాలమస్ వల్ల తగ్గిన దానికి నిద్ర వల్ల తగ్గింది కలిసి భయపెట్టే అంకె వస్తుంది. ఎవరో ఒకరు పక్కనే కూర్చుని కళ్లు తెరిచి ఉన్నాయో లేదో చూస్తూ ఉండాలి. మెల్లగా కథ వినిపించడం మంచి ఉపాయం, ఫోన్‌లో ఆటలు మాత్రం వద్దు. బాగా లావుగా ఉన్న పిల్లలు వెల్లకిలా పడుకుంటే ఊపిరి బరువుగా ఉంటుంది కాబట్టి తల వైపు కొంచెం ఎత్తు పెట్టాలి. మళ్లీ చేసేటప్పుడు అంతే ఎత్తు పెట్టాలి.

మొదటి ఐదు నిమిషాల అంకెలు తీసేస్తారు. ఆ తర్వాత వరుసగా ఐదు నిమిషాల పాటు ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ రెండూ 10 శాతానికి మించి ఊగకుండా ఉంటే దాన్ని స్థిరమైన దశ అంటారు. రిపోర్టులో ఆ దశ దొరికిందా, ఎన్ని నిమిషాలు అన్నది ఉండాలి. అది లేని రిపోర్టు చేతిలో పెట్టి ‘మీ పిల్ల మెటబాలిజం ఇంత’ అంటే, అది సగటు మాత్రమే, కొలత కాదు.

రెండో గుర్తు శ్వాస నిష్పత్తి, అంటే కార్బన్ డయాక్సైడ్‌ని ఆక్సిజన్‌తో భాగిస్తే వచ్చేది. పస్తు మీద ఉన్న పిల్లకి మామూలుగా 0.75 నుంచి 0.90 మధ్య ఉంటుంది. 1 దాటితే పిల్ల ఏదో తిని వచ్చిందనో, భయంతో గబగబా ఊపిరి తీసిందనో అర్థం. 0.67 కంటే కిందికి పోతే యంత్రాన్నే అనుమానించాలి. అయితే ఈ నిష్పత్తి పట్టుకోలేని తప్పు ఒకటుంది. పిల్ల వదిలిన ఊపిరిలో కొంత యంత్రానికి చేరకుండా బయటికి పోతే రెండు వాయువులూ ఒకే పాళ్లలో తగ్గుతాయి, నిష్పత్తి మాత్రం చక్కగా 0.82 అని చూపిస్తుంది. అంకె తక్కువ, గుర్తులన్నీ బాగున్నాయి! అందుకే మెడ దగ్గర ప్లాస్టిక్ మడతలు ఎత్తి ఉన్నాయా, మాస్క్ అయితే ముక్కు పక్కన గాలి తగులుతోందా అని చేత్తో చూడాలి. స్టెరాయిడ్ వల్లో, బరువు వల్లో ముఖం గుండ్రంగా మారిన పిల్లలకు మాస్క్ సరిగ్గా అతకదు, వాళ్లకు మూత పద్ధతే నయం.

యంత్రం నమ్మకం కాలిబ్రేషన్‌లో ఉంది. పాళ్లు తెలిసిన సిలిండర్ వాయువుతో సెన్సర్లను, మూడు లీటర్ల సిరంజితో గాలి ప్రవాహాన్ని సరిచూస్తారు. అప్పుడప్పుడు ఆల్కహాల్ మండించి మొత్తం యంత్రాన్ని పరీక్షిస్తారు. ఆల్కహాల్‌కి శ్వాస నిష్పత్తి 0.67 రావాలి, వేరే వస్తే ఎక్కడో తేడా ఉంది. ‘చివరిగా ఎప్పుడు కాలిబ్రేట్ చేశారు’ అని అడగడం అమర్యాద కాదు. చేతిలో పట్టుకుని ఊదే మెడ్‌జెమ్ లాంటి చిన్న పరికరాలు ఆక్సిజన్ ఒక్కటే కొలిచి, నిష్పత్తి 0.85 అని అనుకుని లెక్క కడతాయి. క్యాలరీల అంకెలో దీనివల్ల వచ్చే తేడా చిన్నదే. కానీ పిల్ల తిని వచ్చిందా, గబగబా ఊదిందా అని పట్టుకునే దారి మూసుకుపోతుంది. నోట్లో గొట్టం, ముక్కుకి క్లిప్పు పెట్టుకుని పది నిమిషాలు నిలకడగా ఊదడం చిన్నపిల్లలకు కష్టం కూడా. ఈ పిల్లలకు వాటిని సిఫారసు చేయం.

అంకెలతో చూస్తే తేడా ఎంతో తెలుస్తుంది. పదకొండేళ్ల ఆడపిల్ల, 55 కిలోలు అనుకుందాం. డబ్ల్యూహెచ్‌ఓ పాత సూత్రం ప్రకారం 10 నుంచి 18 ఏళ్ల ఆడపిల్లలకు బరువుని 12.2తో గుణించి 746 కలపాలి, అంటే 1417 కిలో క్యాలరీలు. పరీక్షలో ఆక్సిజన్ నిమిషానికి 170 మి.లీ., కార్బన్ డయాక్సైడ్ 135 మి.లీ. వచ్చాయనుకుంటే వీర్ సూత్రం 1180 ఇస్తుంది. నిష్పత్తి 0.79, బాగుంది. 1180 అంటే సూత్రం చెప్పిన దాంట్లో 83 శాతం. 90 కంటే తక్కువైతే ఖర్చు తగ్గినట్టే లెక్క. కదలిక కోసం రెండింటినీ 1.4తో గుణిస్తే సూత్రం 1984 పెట్టమంటుంది, కొలత 1652 అంటుంది. రోజుకి 332 తేడా. కిలో కొవ్వుకి సుమారు 7700 కిలో క్యాలరీలన్న లెక్కన నెలకి కిలో పైమాటే. ఆ పిల్ల దొంగతనంగా ఒక్క ముద్ద తినకపోయినా ఆ కిలో ఎక్కుతుంది. పరీక్ష వల్ల కలిగే అన్నిటికంటే పెద్ద మేలు ఇదే. ఇంట్లో నింద ఆగుతుంది. ఒక్క ఈ కారణానికైనా పరీక్ష చేయించవచ్చని మా అభిప్రాయం.

కానీ ఆ 1180ని చూసి పిల్లకి అంతే పెట్టాలనుకోవడం తప్పు. అది కదలకుండా పడుకుంటే అయ్యే ఖర్చు. ఎదిగే పిల్లకి మాంసకృత్తులు, కాల్షియం, ఇనుము తగ్గకుండా మొత్తం తగ్గించాలంటే పిల్లల డైటీషియన్ కూర్చుని కట్టాల్సిన పని. 1.4 అన్న గుణకం కూడా అంచనాయే. రోజులో ఎక్కువసేపు నిద్రమత్తుగా ఉండే పిల్లకి అది 1.3కి పడిపోవచ్చు. అదనంగా నడిపించాలంటే ముందు చూపు, నిద్ర, హార్మోన్లు సరిచూడాలి.

ఈ పరీక్ష చెప్పని విషయాలు కూడా ఉన్నాయి. ఆకలి ఎంతో చెప్పదు. ఇన్సులిన్ ఎంత ఎక్కువగా వస్తోందో చెప్పదు, దానికి రక్త పరీక్ష కావాలి. కండ ఎంత, కొవ్వు ఎంత అన్నది తక్కువ మోతాదు ఎక్స్‌రేతో చేసే డెక్సా స్కాన్ చెబుతుంది. కండ తక్కువ ఉంటే ఖర్చు కూడా తక్కువే ఉంటుంది కాబట్టి, రెండూ పక్కపక్కన ఉంటేనే డాక్టరుకి అసలు బొమ్మ కనపడుతుంది. హైడ్రోకార్టిసోన్ మోతాదు ఎక్కువగా ఉందా అన్నదీ ఈ యంత్రం చెప్పలేదు. సాధారణంగా శరీర ఉపరితలం చదరపు మీటరుకి రోజుకి 8 నుంచి 10 మిల్లీగ్రాముల దగ్గర ఉంచుతారు. పిల్ల లావయ్యే కొద్దీ ఆ ఉపరితలం పెరుగుతుంది, దానితో పాటు మోతాదూ పెరిగిపోయి, అదే మళ్లీ బరువు పెంచే ప్రమాదముంది. సొంతంగా తగ్గించకండి, ప్రాణం మీదికి వస్తుంది. మోతాదుని మళ్లీ లెక్క చూడమని ఎండోక్రైనాలజిస్టుని అడగండి.

ఎప్పుడు చేయించాలి అన్నదానికి మా జవాబు: ఆపరేషన్ తర్వాత హార్మోన్ మందులు కుదురుకోగానే ఒకసారి, అది బరువు దూసుకుపోయే మొదటి ఏడాదిలోనే అయితే మంచిది. తర్వాత ఆరు నెలలకో, లేదా గ్రోత్ హార్మోన్, మెట్‌ఫార్మిన్, ఆకలి తగ్గించే జీఎల్‌పీ-1 రకం మందు, మెదడులో ఆకలిని అదుపు చేసే ఎంసీ4ఆర్ మీద పనిచేసే సెట్‌మెలనోటైడ్ లాంటి మందు మొదలుపెట్టే ముందు, మొదలుపెట్టాక. అదే యంత్రం, అదే గంట, అదే పస్తు, అదే మందుల వరస. బరువు నిలకడగా ఉండి, ఎత్తు సాగుతూ, ఇంట్లో తిండి గొడవ లేని పిల్లకి ఊరికే చేయించనక్కర్లేదు.

బయటికి వచ్చే ముందు రిపోర్టులో ఇవి ఉన్నాయా చూసుకోండి: ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ విడివిడి అంకెలు, శ్వాస నిష్పత్తి, స్థిరమైన దశ ఎన్ని నిమిషాలు, ఆ రోజు బరువు, ఎత్తు, ఎన్ని గంటల పస్తు, ఏ మందులు ఎన్నింటికి వేశారు, పిల్ల మెలకువగా ఉందా లేదా. చివరి రెండూ అచ్చులో ఉండకపోతే టెక్నీషియన్ చేత పెన్నుతో అక్కడే రాయించుకోండి. ఆరు నెలల తర్వాత రెండో రిపోర్టు పక్కన పెట్టి పోల్చాల్సి వచ్చినప్పుడు ముందు వెతికేది వాటినే.